ఎల్బీనగర్ దాటి వెళ్ళిన బస్సు

నెల రోజులుగా ఈ పేజీలో ఏమీ రాయలేకపోయాం. చాలామంది ఫోన్ చేసి "అయ్యగారూ, ఒంట్లో బాగుందా" అని అడిగారు. ఒంట్లో బాగానే ఉంది. రాయవలసిన మాట ఒకటి గొంతుకు అడ్డం పడి ఉంది. అది మింగేసి ఇంకేదో వాక్యధ్యానం రాస్తే వేషధారణ అవుతుందని ఆగిపోయాం. ఈ రోజు రాస్తున్నాం. కొందరికి కోపం వస్తుంది. వచ్చినా చివరివరకు చదవండి. ఆదివారం మందిరంలో ముఖాముఖి మాట్లాడుకుందాం.

మాట ఇది. మన సంఘం ఈ సంవత్సరం సువార్త యాత్రకు వెళ్ళకూడదు. ఆ డబ్బు, ఆ రోజులు, ఆ మనుషులు మన బిడ్డల దగ్గరికి వెళ్ళాలి. మన బిడ్డలు అడవిలో లేరు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఉన్నారు.

యూత్ వాళ్ళు దీన్ని మిషన్ ట్రిప్ అంటారు. పెద్దలు సువార్త దండయాత్ర అంటారు. ఆ మాటను మేమూ ఇరవై ఏళ్ళుగా బ్యానర్ల మీద వేయిస్తూ వచ్చాం. ఈ మధ్యనే దాని అర్థం తట్టింది. దండయాత్ర చేసేవాడు ఆ ఊళ్ళో కాపురం ఉండడు. వస్తాడు, దోచుకుంటాడు, పోతాడు. మనం దోచుకొచ్చేది ఫోటోలు.

జరిగింది చెప్తాం. ఆ బిడ్డ దగ్గర, ఆ తల్లి దగ్గర అనుమతి తీసుకునే రాస్తున్నాం. పేర్లు రాయం. తెలిసినవాళ్ళు కూడా కామెంట్లలో పేరు పెట్టవద్దని వేడుకుంటున్నాం.

జనవరిలో, పండుగ సెలవుల్లో, మనం ఇరవై ఆరుగురం ఉట్నూరు వైపు గూడేలకు బయలుదేరాం. తెల్లవారుజామున మూడున్నరకు మందిరం ముందు ప్రార్థన చేసుకుని బస్సెక్కాం. ఆరు దాటేసరికి ఎల్బీనగర్ చేరాం. అక్కడ స్థిరపడిన మన విశ్వాసులు నలుగురు రింగ్ రోడ్డు దగ్గర ఎక్కాలి. ఇద్దరు వచ్చారు, ఇద్దరు ఇంకా దారిలో ఉన్నారన్నారు. ఆగాం. చాయ్ తాగాం. మెట్రో పిల్లర్ల కింద బ్యానర్ విప్పి గ్రూప్ ఫోటో దిగాం. రెండు పాటలు పాడాం. ఆటో వాళ్ళకు కరపత్రాలు పంచాం. మొత్తం ముప్పావుగంట.

అదే సమయానికి, మెట్రో ఎక్కితే మూడో స్టేషన్‌లో దిగేంత దూరంలో, దిల్‌సుఖ్‌నగర్ వెనక సందుల్లో ఒక హాస్టల్ గదిలో మన సంఘపు బిడ్డ ఒకడు గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. కానిస్టేబుల్ పరీక్షకు కోచింగ్ తీసుకుంటున్నాడు. గదిలో ముగ్గురుంటారు. మిగతా ఇద్దరూ పండుగకు ఊళ్ళకు పోయారు. ఇతను పోలేదు. రానూపోనూ ఛార్జీ మిగిలితే టెస్ట్ సిరీస్ కట్టుకోవచ్చని ఆగాడు. జ్వరం వచ్చి అప్పటికి ఐదో రోజు. కళ్ళు పచ్చబడ్డాయి. అన్నం చూస్తే వాంతి. అమ్మకు చెప్పలేదు. కోచింగ్ ఫీజుకు అమ్మ పత్తి మీద అప్పు తెచ్చింది. ఇప్పుడు జ్వరమని చెప్తే ఇంకో అప్పు చేస్తుందని చెప్పలేదు.

మాకు ఎందుకు చెప్పలేదు? ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చాక అడిగాం. "మీరు టూర్‌లో ఉన్నరు గదా అయ్యగారు, వాట్సాప్‌ల ఫోటోలు చూసిన. డిస్టర్బ్ చేసుడు ఎందుకని" అన్నాడు. మన ఫోటో చూశాడు. ఎల్బీనగర్ మెట్రో స్టేషన్ బోర్డు ఆ ఫోటోలో వెనక స్పష్టంగా కనబడుతోంది. చూసి, లైక్ కొట్టి, మళ్ళీ గోడవైపు తిరిగి పడుకున్నాడు.

అతన్ని లేపింది ఆ హాస్టల్‌లో వంట చేసే తల్లి. దేవరకొండ వైపు మనిషి. గురువారం గురువారం సాయిబాబా గుడికి పోయే తల్లి. మూడు పూటలుగా ఈ పిల్లవాడి పళ్ళెం రాలేదని గమనించింది. మూడంతస్తులు ఎక్కింది. తలుపు తట్టింది. మజ్జిగ తాగించింది. అతని ఫోన్ తీసుకుని వాళ్ళమ్మకు కలిపి "నువ్వు ఇప్పుడే బస్సెక్కు" అంది. అమ్మ వచ్చేవరకు ఆస్పత్రిలో బల్ల మీద తనే కూర్చుంది. ఆ పూట హాస్టల్‌లో వంట ఆలస్యమై ఓనరుతో మాటలు కూడా పడింది.

మంచి సమరయుని ఉపమానం మీద మేము ఎన్ని ప్రసంగాలు చేశామో లెక్క లేదు. యాజకుడు అవతలి ప్రక్కగా పోయాడు, లేవీయుడు అవతలి ప్రక్కగా పోయాడు అని గొంతెత్తి చెప్పాం. వాళ్ళు బస్సులో పోయారని, బస్సుకు బ్యానర్ కట్టి ఉందని, లోపల పాటలు పాడుతున్నారని మాత్రం మాకు ఎప్పుడూ తోచలేదు.

ప్రభువు కృప వలన బిడ్డ బతికాడు. ఇరవై రోజులు పట్టింది. ఆ మధ్యలో మనం తిరిగొచ్చాం. ఆదివారం మందిరంలో తెర కట్టి ఫోటోలు వేశాం, సాక్ష్యాలు చెప్పుకున్నాం. ఎన్ని గూడేలు తిరిగాం, ఎన్ని దుప్పట్లు పంచాం, ఎంతమంది చేతులెత్తారు. ఆరాధన అయ్యాక ఆ తల్లి మా దగ్గరికి వచ్చింది. ఆస్పత్రి నుంచి ఒక్క పూటకు బట్టల కోసం ఊరికి వచ్చి, ఆదివారం గదా అని మందిరానికి కూడా వచ్చింది. "అయ్యగారు, ఎల్బీనగర్ల ఎంతసేపు ఆగిన్రు?" అని అడిగింది. అప్పటికి మాకు విషయం తెలియదు. "ముప్పావుగంట ఆగినమమ్మా" అని సంతోషంగానే చెప్పాం. ఆమె తలూపింది. చెప్పులేసుకుని బస్టాపుకు పోయింది. సంగతంతా మా పాస్టరమ్మకు ఇంకొకరి ద్వారా సాయంత్రం తెలిసింది.

ఆ తల్లి తిట్టి ఉంటే మేము ఈ పాటికి క్షమాపణ అడిగి మరిచిపోయి ఉండేవాళ్ళం.

ఇప్పుడు కొందరు పెద్దలు అంటున్నారు, "తెలిస్తే వెళ్ళేవాళ్ళం కదా, తెలియలేదు." నిజమే. తెలియలేదు. మా ప్రశ్న ఎందుకు తెలియలేదనే. ఉట్నూరు అవతలి గూడెంలో ఎన్ని ఇళ్ళున్నాయో, ఎవరికి దుప్పటి లేదో ముందే కాగితం మీద రాసుకుని పోయాం. మన సంఘం పిల్లలు దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట, ఎల్బీనగర్ హాస్టళ్ళలో ఎంతమంది ఉన్నారో మన దగ్గర కాగితం లేదు. ఈ నెలలో మా పాస్టరమ్మ ఇల్లిల్లూ తిరిగి రాసుకుంది. ఇరవై మూడు మంది. వాళ్ళలో తొమ్మిది మంది హాస్టల్ పేరు వాళ్ళ సొంత తల్లిదండ్రులకే తెలియదు. "దిల్‌సుఖ్‌నగర్‌ల ఉంటడు" అంటారు. దిల్‌సుఖ్‌నగర్ అంటే ఒక వీధి అన్నట్టు.

మన వైపు వాళ్ళకు ఆ చోటు ఏమిటో కొత్తగా చెప్పనవసరం లేదు. నల్లగొండ నుంచి, సూర్యాపేట నుంచి, ఖమ్మం నుంచి, సాగర్ రోడ్డు మీద దేవరకొండ నుంచి ఏ బస్సెక్కినా మనకు పట్నం మొదలయ్యేది ఎల్బీనగర్‌లోనే. ఊళ్ళో డిగ్రీ అయిన ప్రతి పిల్లవాడూ, ప్రతి పిల్లా ఒక సంచీ, ఒక పచ్చడి సీసాతో అక్కడే దిగుతారు. 2013 ఫిబ్రవరి 21, గురువారం సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్ బస్టాపుల దగ్గర బాంబులు పేలినప్పుడు మన ఊళ్ళో ఏ ఇంట్లోనూ పొయ్యి వెలగలేదు. అందరూ ఫోన్లు పట్టుకుని వీధిలో నిలబడ్డారు. లైన్లు కలవలేదు. ఆ రాత్రి మందిరం తెరిచి ప్రార్థన చేశాం. హిందువుల ఇళ్ళవాళ్ళు కూడా వచ్చి వెనక నిలబడ్డారు. ప్రతి పేరూ చదివి ప్రార్థించాం. అంటే ఆ రాత్రి మన దగ్గర పేర్లున్నాయి! 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టి హాస్టళ్ళు ఖాళీ చేయమన్నప్పుడు కూడా ఎవరి బిడ్డ ఎక్కడ చిక్కుకున్నాడో వేళ్ళమీద లెక్కపెట్టాం. ఉపద్రవం వస్తే గుర్తుకొస్తారు. పచ్చకామెర్లు ఉపద్రవం కాదు కాబట్టి లెక్కలోకి రాలేదు.

మనమొక్కరమే కాదు, అవతలివాళ్ళదీ ఇదే కథ. ఎల్బీనగర్ వైపు నుంచి సంఘాలు మన ఊరికి వస్తుంటాయి. రెండో శనివారం వస్తారు, అరటిపళ్ళు, దుప్పట్లు పంచుతారు, ఫోటోలు దిగుతారు, చీకటి పడేలోపు వెళ్ళిపోతారు. మంచివాళ్ళే. ప్రేమతోనే వస్తారు. మొన్నటి చలికాలం ఒక్క అవ్వకే మూడు దుప్పట్లొచ్చాయి. మూడోది తీసుకుంటూ "బిడ్డా, దుప్పటి వద్దు, జర కూసో" అంది. వాళ్ళు కూర్చోలేదు, ఇంకా నాలుగు ఊళ్ళున్నాయి. ఆ జట్టులో ఒక తమ్ముడిది మనకు ఆరు కిలోమీటర్ల దూరంలో పల్లె. తల్లి అక్కడే ఒంటరిగా ఉంటుంది. "అమ్మను చూసి రారాదా తమ్ముడూ, మా బండి తీసుకో" అన్నాం. "టీమ్‌తో వచ్చాను అయ్యగారు, టీమ్‌తోనే పోవాలి" అన్నాడు. వచ్చిన పని ప్రభువు పని, అమ్మ సొంత పని. అతని లెక్క అది. మేము నేర్పిన లెక్కే అది.

ఆ లెక్కను ప్రభువు ఏమన్నాడో మార్కు సువార్త 7వ అధ్యాయంలో ఉంది. ఈ వారం మళ్ళీ చదవండి. తల్లిదండ్రులకు ఇవ్వవలసినదాన్ని కొర్బాను, అంటే దేవార్పితం అని చెప్పి చేతులు దులుపుకునేవాళ్ళను ఆయన పరిసయ్యులకు చూపించాడు. వాళ్ళు ఆ డబ్బు తాగుడుకు పెట్టలేదు సుమా. దేవునికే ఇచ్చారు. అయినా దేవుని వాక్యాన్ని నిరర్థకం చేస్తున్నారన్నాడు. మన సంఘంలో ఒక అన్న ఎక్కడో ఉన్న మిషనరీకి నెలకు రెండు వేలు తప్పకుండా పంపిస్తాడు, తండ్రికి మాత్రం నెలకు ఒక్కసారి ఫోన్ చేస్తాడు. ఆ రెండు వేలు మానమని మేము చెప్పం. మిషనరీ పేరు చెప్తూ ఆ అన్న ముఖం వెలుగుతుందే, తండ్రి పేరెత్తితే ఎందుకు ముడుచుకుంటుందో ఆయనే ప్రభువు దగ్గర తేల్చుకోవాలి. పౌలు 1 తిమోతి 5:8లో స్వంత ఇంటివారిని సంరక్షించనివాణ్ణి అవిశ్వాసి కన్న చెడ్డవాడన్నాడు. ఆ మాటను మనం స్త్రీల కూడికలో చెప్పుకుంటాం. సువార్త యాత్ర బస్సులో ఎవరూ చెప్పరు.

ఎవరినో అనడం తేలిక. మా ఇంటి సంగతి చెప్తాం. రాత్రి కుటుంబ ప్రార్థనలో ఒకరోజు మా చిన్నమ్మాయి అంది, "నాన్నా, నువ్వు ఇంట్ల గూడ మైకుల చేసినట్టే ప్రార్థన చేస్తవు." నవ్వాం. తర్వాత పడుకుంటే నిద్ర పట్టలేదు. ఊరందరి రోగాలూ పేరుపేరునా ఎత్తి ప్రార్థించాం, ఎదురుగా కూర్చున్న పిల్లకు రేపు లెక్కల పరీక్ష అన్న సంగతి ఆ ప్రార్థనలో లేదు. మాకు తెలియదు కూడా. ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయం పిల్లలకు వాక్యాన్ని ఇంట్లో కూర్చున్నప్పుడు, త్రోవన నడుస్తున్నప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు చెప్పమంటుంది. కూర్చోవడం, నడవడం, పడుకోవడం, లేవడం. వీటిలో దేనికీ మైకు అక్కర్లేదు.

"మరి ప్రభువు సర్వలోకానికి వెళ్ళమనలేదా?" అని పెద్దలు ఒకరు సంఘ కమిటీలో అడిగారు. న్యాయమైన ప్రశ్న. తండ్రినైనా తల్లినైనా తన కంటే ఎక్కువగా ప్రేమించేవాడు తనకు పాత్రుడు కాడని ప్రభువు చెప్పాడని కూడా గుర్తు చేశారు. చెప్పాడు. ఆ మాటను మేము కొట్టేయలేం, మెత్తబరచలేం. కానీ ఆ మాట ఎవరితో చెప్పాడు? సిలువ ఎత్తుకుని, ఆస్తి, పేరు, ప్రాణం పోగొట్టుకోబోయేవాళ్ళతో. మూడు రోజుల్లో తిరిగొచ్చి ఆదివారం ఫోటోలు చూపించుకునేవాళ్ళ చేతికి ఆ మాట ఇస్తే అది సాకు అవుతుంది. ఆ మాట చెప్పిన ప్రభువే సిలువ మీద, ఊపిరి ఆడని వేళలో, తన తల్లిని యోహానుకు అప్పగించాడు. లోకమంతటి పాపం మోస్తూ కూడా అమ్మ రాత్రికి ఎక్కడ పడుకుంటుందో చూసుకున్నాడు. మనం లోకాన్ని మోయం, అమ్మనూ చూడం.

ఇంకొక సంగతి. ప్రభువు దగ్గర ఒక మనిషి సువార్త యాత్రకు వస్తానని పేరిచ్చాడు, ప్రభువు ఆ పేరు కొట్టేశాడు. మార్కు 5లో గెరాసేనుల దేశపువాడు. సేన అనే దయ్యం వదిలినవాడు. దోనె ఎక్కబోతున్న ప్రభువును తననూ వెంట రానిమ్మని బతిమాలాడు. అతని సాక్ష్యం ఎంత బాగుంటుందో ఆలోచించండి! మనమైతే ముందు సీటిచ్చి, ప్రతి ఊళ్ళో మొదట అతని చేతే సాక్ష్యం చెప్పించేవాళ్ళం. ప్రభువు మాత్రం అతన్ని ఇంటికి, తన వాళ్ళ దగ్గరికి పంపాడు. ఆ ఇల్లు ఎలాంటిది? సమాధుల్లో బతికిన మనిషి ఇల్లు. అతను తిరిగొస్తే తలుపు వేసుకునే ఇల్లు. పరాయి ఊళ్ళో సాక్ష్యం చెప్పడం అతనికి తేలిక, తన్నులు తిన్న భార్యకో, భయపడ్డ తల్లికో చెప్పడం కష్టం. కష్టమైన చోటికే పంపాడు. అదే దెకపొలి నుంచి ఆ రోజు ప్రభువును వెళ్ళిపొమ్మన్నారు. రెండు అధ్యాయాల తర్వాత ప్రభువు ఆ ప్రాంతానికి మళ్ళీ వస్తే చెవిటివాణ్ణి తీసుకొచ్చి చేతులుంచమని వాళ్ళే వేడుకున్నారు. మధ్యలో ఆ ఒక్క మనిషి ఇంటికి పోయి మాట్లాడాడు. సువార్తలో ఇంతకు మించి చెప్పలేదు కాబట్టి మేమూ చెప్పం, కానీ మాకు అది చాలు.

మన తెలుగు దేశానికి సువార్త ఎలా వచ్చిందో కూడా మరిచిపోయాం. ఒంగోలు అనగానే క్లౌ దొరగారి పేరు, 1878 జూలై 3న ఒక్కరోజులో 2,222 మందికి ఇచ్చిన బాప్తిస్మాలు గుర్తుకొస్తాయి. ఆ 2,222 వెనక పన్నెండేళ్ళున్నాయి. ఆ పన్నెండేళ్ళ మొదట తాళ్ళకొండపాడుకు చెందిన యర్రగుంట్ల పేరయ్య ఉన్నాడు. మాదిగ, తోళ్ళ వ్యాపారి. వ్యాపారం మీద తిరుగుతూ యేసు మాట విని, 1866లో భార్య నాగమ్మతో కలిసి బాప్తిస్మం తీసుకున్నాడు. తర్వాత ఎవరి దగ్గరికి పోయాడు? తన వాళ్ళ దగ్గరికే. తోళ్ళు కొన్న ఊళ్ళకు, పిల్లనిచ్చిన ఊళ్ళకు, పిల్లను తెచ్చుకున్న ఊళ్ళకు. నాగమ్మ ఆయనతో నడిచింది. ఆయన మగవాళ్ళతో మాట్లాడితే ఆమె ఆడవాళ్ళతో మాట్లాడింది. చుట్టరికం ఎటు పోతే సువార్త అటు పోయింది. గూడెం గూడేన్నీ కలిపింది పెళ్ళిళ్ళ దారే.

ఇక దూరం నుంచి వచ్చినవాళ్ళలో డోర్నకల్ అజరయ్య గారిని చూడండి. తిరునల్వేలి తమిళుడు. మద్రాసులో వైఎంసీఏ ఉద్యోగం వదిలి 1909లో నైజాం రాజ్యంలోని డోర్నకల్‌కు వచ్చారు. తెలుగు నేర్చుకున్నారు. కుటుంబంతో కాపురం పెట్టారు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యారు. 1945 జనవరి 1న అదే డోర్నకల్‌లో కన్నుమూశారు. ముప్పై అయిదేళ్ళు! 1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీల మహాసభలో నిలబడి ఆయన తెల్ల మిషనరీల త్యాగాన్ని మెచ్చుకుంటూనే, మాకు మీ స్నేహం దొరకలేదని వాళ్ళ ముఖం మీదే చెప్పారు. ఇచ్చినవి చాలు, పక్కన కూర్చోండి అన్నది ఆయన మాట సారం. మూడో దుప్పటి తీసుకున్న మన అవ్వ చెప్పింది కూడా ఇదే. ఆమెకు ఎడిన్‌బరో ఎక్కడుందో తెలియదు.

యాత్రల వల్ల మంచేమీ జరగలేదా? జరిగింది, అది కూడా చెప్పాలి. కొలాం గూడెంలో ఒక ముసలమ్మ మనకు జొన్నరొట్టె పెట్టింది. మన అక్కలు నలుగురు ఆమె పక్కన కూర్చున్నారు. ఆమె ఏదో అడిగింది. అక్కడి సేవకుడు తెలుగులో చెప్పాడు, "మీరందరూ ఇటొస్తే అక్కడ మీ పిల్లలకు ఎవరు వండిపెడుతున్నరు అని అడుగుతోంది." అందరం నవ్వాం. ఒక అక్క మాత్రం నవ్వలేదు, ఆ రాత్రంతా ఫోన్ సిగ్నల్ కోసం గుట్టెక్కి నిలబడింది. మేము మూడు రోజులు ఆ గూడేలకు ప్రసంగించాం. ఆ యాత్ర మొత్తంలో వాక్యమంటే ఆ ముసలమ్మ ప్రశ్నే అని ఇప్పుడు అనిపిస్తోంది. తిరిగొచ్చేటప్పుడైనా దాన్ని పట్టుకుని ఎల్బీనగర్‌లో దిగి ఉండాల్సింది. రాత్రి పదకొండయింది, అందరూ నిద్రలో ఉన్నారు, డ్రైవర్ ఆపలేదు, మేమూ ఆపమనలేదు.

లెక్క కూడా చెప్పేస్తాం, సంఘం పుస్తకంలో ఉన్నదే. బస్సు, డీజిలు, భోజనాలు, దుప్పట్లు, కరపత్రాలు, బ్యానరు కలిపి 81,000 రూపాయలు. అక్కడ ఏడాది పొడవునా ఉండి, వానలో వాగు దాటి గూడేలకు పోయే సేవకుడికి మనం పంపేది నెలకు మూడు వేలు. ఏడాదికి 36,000. మనం మూడు రోజులు చూసి రావడానికి, ఆయన ఏడాది బతకడానికి ఇచ్చేదానికి రెండింతల కంటే ఎక్కువ ఖర్చు పెట్టాం. సిగ్గుపడి ఫోన్ చేస్తే ఆ అన్న మెల్లగా అన్నాడు, "మీరొచ్చి పోయినంక పది రోజులు నాకు అదే పని అయ్యగారు, ఎవరొచ్చిన్రు, ఎందుకొచ్చిన్రు అని ఊరోళ్ళకు జవాబు చెప్పుడు." ఇంతకు ముందు ఎప్పుడూ ఎందుకు చెప్పలేదని అడిగాం. "మీరు బాధపడతరని" అన్నాడు. మన దగ్గర అందరూ మనం బాధపడతామని ఏదో ఒకటి దాచిపెడుతున్నారు. హాస్టల్‌లో పిల్లవాడు కూడా అంతే చేశాడు.

కాబట్టి మా మాట ఇది. ఆ అన్నకు పంపేది ఆగదు, నెలకు ఐదు వేలు చేద్దాం. బస్సు మాత్రం వద్దు. ప్రతి నెలా మొదటి ఆదివారం ఆరాధన అయ్యాక ఇద్దరిద్దరుగా మామూలు ఆర్టీసీ బస్సెక్కి పోదాం. బ్యానరు వద్దు, కరపత్రాల కట్ట వద్దు. ఇంటి నుంచి పచ్చడి, సకినాలు, ఉతికిన దుప్పటి తీసుకుని పోదాం. పిల్లల గదిలో మంచం మీద కూర్చుందాం. మార్కులు అడగవద్దు. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందని అసలే అడగవద్దు, ఆ ప్రశ్న వాళ్ళను చంపుతోంది. తిన్నారా, నిద్ర పడుతోందా, ఎవరికైనా అప్పున్నారా అని అడుగుదాం. ప్రార్థించమంటే ప్రార్థిద్దాం, వద్దంటే ఊరుకుందాం. గదిలో వేరే ఊరి పిల్లలుంటే, వేరే మతం పిల్లలుంటే వాళ్ళకూ పచ్చడి వడ్డిద్దాం. ఆడపిల్లల హాస్టళ్ళకు అక్కలే వెళ్తారు, మా పాస్టరమ్మ ముందుంటుంది. ఎల్బీనగర్‌లో, వనస్థలిపురంలో ఉన్న మన కుటుంబాలు యాత్రకు పేర్లిచ్చినంత ఉత్సాహంగా ఒక్కొక్కరు ఇద్దరు పిల్లల పేర్లు తీసుకోవాలి. ఆదివారం మధ్యాహ్నం ఇంటికి పిలిచి అన్నం పెట్టాలి. హాస్టల్ సాంబారు తిన్నవాడికి మీ ఇంటి పప్పుచారు ఏమిటో మీకు తెలియదు.

కమిటీలో ఇద్దరు పెద్దలు దీనికి ఒప్పుకోలేదు. "ఇది మన పిల్లల్ని మనం చూసుకోవడమే, దీన్ని పరిచర్య అని ఎలా అంటాం?" అన్నారు. అనకండి. ఏ పేరూ పెట్టవద్దు, రిపోర్టు పుస్తకంలో రాయవద్దు, తెర మీద ఫోటోలు వేయవద్దు. ఆ ఇద్దరూ మనకు తండ్రుల వంటివారు, ఇరవై ఏళ్ళు ఈ యాత్రలకు చెమట ఓడ్చినవారు. వాళ్ళ మాట కూడా ఆదివారం అందరి ముందు వినాలి. మా మాటే నెగ్గాలని లేదు. మేము మాత్రం, సంఘం బస్సు మాట్లాడినా సరే, ఆ బస్సెక్కం.

మొన్న మేమిద్దరం ఆ వంట తల్లిని చూడడానికి వెళ్ళాం. మధ్యాహ్నం మూడింటికి, గిన్నెలు తోముతోంది. చీర, పళ్ళు తీసుకుపోయాం. చీర తీసుకోలేదు. "మీరు వాని సుట్టాలా?" అని అడిగింది. మేము వాళ్ళ పాస్టరయ్య, పాస్టరమ్మ అని చెప్పాం. కాసేపు చూసి, "ఇంకో పిల్లగాడున్నడు మూడో ఫ్లోరుల, మీ దిక్కోడే, వారం నుంచి మాట్లాడ్తలేడు, ఓసారి సూసిపోరాదు" అంది. వెళ్ళాం. మన సంఘపువాడు కాదు, మన జిల్లావాడు. గంటసేపు కూర్చున్నాం. పెద్దగా ఏమీ మాట్లాడలేదు. లేస్తుంటే మళ్ళీ ఎప్పుడొస్తారని అడిగాడు. మొదటి ఆదివారం అని చెప్పాం.

పాస్టరమ్మ లిస్టులో ఇంకా తొమ్మిది హాస్టళ్ళ పేర్లు కావాలి. శనివారం లోపు ఆమె ఫోన్‌కు పంపండి. హాస్టల్ పేరు, ఏ సందు, ఏ అంతస్తు, గదిలో ఇంకా ఎవరెవరుంటారు. తెలియకపోతే ఈ రాత్రి బిడ్డకు ఫోన్ చేసి అడగండి.